చప్పుడు లేని బండి

అల్లవరం చుట్టుపక్కల కాలవ గట్ల మీది ఊళ్ళలో తొంభైల్లో పుట్టిన ఎవరి ఎడమ భుజం చూసినా ఓ చిన్న మచ్చ ఉంటుంది. వాటిలో సగం మచ్చలు సలోమి చేతివే. ఆవిడ ఏఎన్ఎమ్. జనం నోట నర్సమ్మగారు. పొట్టి మనిషి, గట్టి గొంతు. సూది చూసి పిల్లాడు ఏడుపు మొదలెడితే పిల్లాణ్ణి ఏమీ అనేది కాదు, వాళ్ళమ్మని కసిరేది. "నువ్వలా మొహం పెడితే ఆడేడవక ఏంచేత్తాడే?" అనేది. ఆవిడ కసురుకి అలవాటు పడ్డవాళ్ళు ఆవిడ మెత్తగా మాట్లాడితే భయపడేవారు.

ఇంత గట్టి మనిషికి ఒకటే లోటు. తనంతట తాను ఎక్కడికీ కదలలేదు.

పుట్టింది కూలింట్లో. మిగతా పిల్లలు సైకిలు నేర్చుకునే వయసులో ఆవిడ ఇంకొకరి చేలో కలుపు తీసింది. మిషన్ స్కూల్లో చదువుకుని, ట్రైనింగు చేసి, సర్కారు ఉద్యోగం తెచ్చుకుంది గానీ రెండు చక్రాల మీద నిలబడే విద్య మాత్రం రాలేదు. ఆవిడ కింద అయిదూళ్ళు. ఊరికీ ఊరికీ మధ్య కాలవ గట్టు, కొబ్బరితోట, మళ్ళీ కాలవ గట్టు. బస్సు పెద్ద రోడ్డు దిగదు. ఆటో నిండితే గానీ కదలదు. నిండేసరికి ఎండెక్కేది.

మొగుడు ప్రభుదాసు ఎలిమెంటరీ స్కూలు మేస్టారు. పెళ్ళాన్ని కాలు కింద పెట్టనివ్వని మనిషి. 1992లో అమలాపురం వెళ్ళి బూడిదరంగు స్కూటరు కొన్నాడు. బడికి పోతూ ఆవిణ్ణి ఒక ఊళ్ళో దింపేవాడు, బడి వదిలాక వచ్చి ఎక్కించుకునేవాడు. ఇది ప్రేమే, కాదనడానికి లేదు. కానీ పొద్దున్న ఏ ఊళ్ళో దిగితే సాయంత్రం దాకా ఆ ఊళ్ళోనే ఆవిడ బందీ. ఒక వానాకాలం పక్క ఊరి నుంచి కబురొచ్చింది, పిల్లకి నొప్పులొస్తున్నాయని. ఆటో లేదు. బురదలో చెప్పులు చేత పట్టుకుని గట్టంట నడిచి వెళ్ళేసరికి తల్లి బతికుంది, బిడ్డ లేదు. ఆ తల్లి ఒక్క మాటా అనలేదు. అననందుకే సలోమికి ఆ మొహం జన్మంతా గుర్తుండిపోయింది. సలోమికీ ప్రభుదాసుకీ పిల్లల్లేరు. తను అందుకోలేకపోయిన బిడ్డని తన బిడ్డే పోయినట్టు ఏడ్చింది.

"నాకూ బండి నేర్పించండి" అంది ఆ రాత్రే.

నేర్పించాడు కూడా. క్లచ్చు వదిలేటప్పుడు బండి ఎగిరి, చీర చక్రంలో పడి, ఆవిడ మోచెయ్యి విరిగింది. ప్రభుదాసు హడలిపోయాడు. ఇంకెప్పుడూ ఆ ఊసెత్తొద్దని బైబిలు మీద చెయ్యేయించుకున్నంత పని చేశాడు.

ఆ రోజుల్లో బళ్ళ కంపెనీ తీరు వేరు. బండి అమ్మి చేతులు దులుపుకుంటే కుదిరేది కాదు. షోరూము వాళ్ళు గంగరాజు అనే మెకానిక్కుని బండితో పాటు ఇంటికి పంపారు, పెళ్ళికూతురి వెంట తోడుపెళ్ళికూతుర్ని పంపినట్టు. అతను వారం పాటు రోజూ వచ్చి మేస్టారికి నేర్పాడు.

"పెట్రోలు తిప్పేక బండిని ఇలా ఓ పక్కకి వంచాలండి, మేస్టారూ. వంచి, ఎక్సలేటరు నాలుగుసార్లు మెలితిప్పండి. అప్పుడు కొట్టండి కిక్కు. ఆయ్, అంతేనండి."

అంతే. ఆ వంచడం, ఆ మెలితిప్పడం ప్రభుదాసు వంటికి పట్టేశాయి. బండి స్టాండు తీస్తున్నా సరే, బడి వరండాలోంచి నీడలోకి తోస్తున్నా సరే, కుడిచెయ్యి ఎక్సలేటరుని మెలితిప్పుతూనే ఉండేది. ఇంజను ఆగున్న బండికి ఎంత మెలితిప్పితే మాత్రం ఏమవుతుంది? ఏమీ కాదు. ఆ ఊళ్ళలో స్కూటరున్న ప్రతి మగాడి చెయ్యీ అలాగే ఆడేది. అదో మగతనం కింద లెక్క.

తొంభయ్యారు తుపానుకి కొబ్బరిచెట్లు పుల్లల్లా విరిగి పడ్డాయి. స్కూటరు పశువులపాకతో సహా ఉప్పునీళ్ళలో మునిగిపోయింది. నీళ్ళు తీశాక గంగరాజు సైకిలు మీద వచ్చి, బండిని ముక్కలు ముక్కలుగా విప్పి, గోనెసంచి మీద ఆరబెట్టి, మళ్ళీ బిగించాడు. మొదటి కిక్కుకి దగ్గింది. రెండోదానికి అందుకుంది. ఆ నెలంతా మొగుడూ పెళ్ళాలు ఆ బండి మీదే తిరిగి, బావుల్లో మందు చల్లి, విరేచనాలకి మాత్రలు పంచారు. కుళ్ళిన పశువుల కంపు మధ్య ఆ స్కూటరు చప్పుడు వినపడితే జనం గుమ్మాల్లోకి వచ్చేవారు. అప్పటి నుంచి ప్రభుదాసుకి ఆ కంపెనీ అంటే దేవుడి తరవాత దేవుడు.

అయితే కొత్తొక వింత, పాతొక రోత. చూస్తుండగానే ఊరంతా మోటారుసైకిళ్ళొచ్చాయి. గేర్ల స్కూటర్లు చెయ్యడం ఆపేశారు. గంగరాజు షోరూము మానేసి అమలాపురం ఎర్రవంతెన దగ్గర సొంత షెడ్డు పెట్టుకున్నాడు. ప్రభుదాసు రిటైరయ్యాడు. ఆయన మోకాళ్ళు కూడా ఆయనతో పాటే రిటైరయ్యాయి. కిక్కు కొట్టలేక, కొట్టలేనని ఒప్పుకోలేక, "పెట్రోలు బాగోలేదే" అని బండిని తిట్టేవాడు. సలోమికి ఇంకా సర్వీసుంది. మళ్ళీ ఆటో, మళ్ళీ నడక. ఇప్పుడావిడకి యాభై దాటాయి.

2007 మొదట్లో అమలాపురంలో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము తెరిచారు. గాజు తలుపులు, బెలూన్లు, వచ్చినవాళ్ళకి కూల్‌డ్రింకు. ఓనరు అంతకు ముందు ఇన్వర్టర్లు అమ్మేవాడు. కంపెనీ పేరు ఎవరూ విన్నది కాదు. వాపు చూసి బలుపనుకునేవాళ్ళకి లోకంలో కొదవేముంది, జనం ఎగబడ్డారు.

"లైసెన్సు అక్కర్లేదు మేడమ్. పెట్రోలక్కర్లేదు, గేర్లు లేవు, కిక్కు లేదు. సెల్‌ఫోన్‌కి పెట్టుకున్నట్టు రాత్రి ఛార్జింగు పెట్టుకుంటే చాలు. చప్పుడు కూడా ఉండదు" అన్నాడు టై కట్టుకున్న కుర్రాడు.

"రిపేరొస్తేనో?" అన్నాడు ప్రభుదాసు.

"రిపేరే రాదు సార్. ఇందులో ఇంజనే లేదు కదా!"

ఇంజను లేదు కాబట్టి మెకానిక్కూ లేడు. ఆ మాట కుర్రాడు చెప్పలేదు. వీళ్ళు అడగలేదు. పాత కంపెనీ ఇన్నేళ్ళూ బళ్ళు చేసీ చేసీ, తప్పులు దిద్దుకుంటూ, జనం చేతులు ఎలా ఆడతాయో కాళ్ళెలా ఆడతాయో తెలుసుకుంది. ఈ కొత్త కంపెనీ నేర్చుకోవలసిన తప్పులన్నీ ఇంకా జనం మీదే చెయ్యాల్సి ఉంది.

సలోమి మాత్రం అవేవీ ఆలోచించలేదు. నీలంరంగు బండి మీద కూచుని, తాళం తిప్పి, చెయ్యి ఓ రవ్వ మెదిపింది. బండి పిల్లిలా ముందుకి జరిగింది. ఎగరలేదు, ఉరమలేదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూశాక ప్రభుదాసు కాదనలేకపోయాడు. కానీ ఇంటికొచ్చాక పెళ్ళాన్ని ఎదురుగా కూచోబెట్టుకుని ఒక షరతు పెట్టాడు.

"సలోమీ, నీ సరదా నేనెందుక్కాదనాలి. కానీ చప్పుడు లేని బండిని నేను నమ్మను. దీనివల్ల ఎవరికైనా సరే, ఒక్క దెబ్బ తగిలిందా, బండి అమ్మేసి, ఉద్యోగానికో దణ్ణం పెట్టి ఇంట్లో కూచోవాలి. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటానండి. మీరూ ఓసారి తోలి చూడండి."

"నేను ముట్టుకోను" అన్నాడు. ముట్టుకోలేదు. అబద్ధమాడని మనిషని ఊరంతా చెప్పుకునే మేస్టారాయన. పక్కింట్లో ఉండే ఆయన అక్క జయమ్మ కూడా తమ్ముడి పక్షమే. మొగుడు పోయిన మనిషి, మాట కరుకు. ఆవిడ ఆ బండికి మూగది అని పేరు పెట్టింది. "మూగదాన్ని తెచ్చేవా? కాటేసే పావు కూడా బుస్సుమంటదే ముందు" అంది మరదలితో.

చర్చి ఆవరణలో ఒక్క సాయంత్రంలో సలోమికి బండి వచ్చేసింది. మర్నాడు టీకాల డబ్బా ముందు పెట్టుకుని అయిదూళ్ళూ తిరిగొచ్చింది. ఒక ఇంట్లో బాలింత దగ్గర ఎంతసేపు కూచోవాలనిపిస్తే అంతసేపు కూచుంది. ఎవరూ బయట నిలబడి ఎదురుచూడలేదు. యాభై ఒకటో ఏట తన పొద్దు తన చేతికొచ్చింది. ఆ సంతోషాన్ని ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు, మొగుడి మనసు నొచ్చుకుంటుందని. రాత్రి పక్క మీద పడుకుని ఒక్కత్తే నవ్వుకుంది.

ముందుంది ముసళ్ళ పండగ అని అప్పుడెవరికి తెలుసు.

మొదటి ఏడు వేసవిలో దాళవా వరి కోతలప్పుడు రోడ్డంతా ధాన్యం ఆరబోశారు. ఒక ముసలావిడ తల వంచుకుని కాలితో ధాన్యం కలియదున్నుతోంది. స్కూటరొస్తే చప్పుడుకి జరగడం ఆ ఊళ్ళ అలవాటు. వెనక్కి తిరిగి చూసే అలవాటు ఎవరికీ లేదు. సలోమి హారను కొట్టేలోపు బండి ముసలావిడ కొంగు రాసుకుంటూ పోయింది. ఆవిడ బిత్తరపోయి ధాన్యంలో కూలబడింది. "దెయ్యంలా వచ్చేవేంటమ్మా నర్సమ్మా!" అంది. దెబ్బేమీ తగల్లేదు. సలోమి ఇంట్లో చెప్పలేదు. అప్పటి నుంచి మలుపుల దగ్గర హారను చాలక నోటితో "జరగండమ్మా, జరగండయ్యా" అని అరుచుకుంటూ వెళ్ళేది. పిల్లలు ఆ అరుపుని అనుకరిస్తూ బండి వెనకాల పరిగెత్తేవారు.

తరవాత దీపం పోయింది. తాళం తిప్పితే హ్యాండిలు మధ్యలో చిన్న ఆకుపచ్చ దీపం వెలిగేది. బండి ప్రాణంతో ఉందో లేదో చెప్పే గుర్తు అదొక్కటే. అది ఆరిపోయింది. బండి మాత్రం నడుస్తోంది.

షోరూముకి వెళ్తే టై కుర్రాడు, "చిన్నదే మేడమ్, కంపెనీ నుంచి పార్టు రావాలి" అన్నాడు. రెండోసారి వెళ్తే టై లేదు, కుర్రాడే ఉన్నాడు. మూడోసారి వెళ్తే షట్టరు దింపుంది. గాజు తలుపుల మీద పాత బెలూను ముక్క ఒకటి అంటుకుని ఎండకి నల్లబడింది. పక్క కిళ్ళీకొట్టువాణ్ణి అడిగితే, "ఎత్తేసేరండి. మీలాగా రోజూ ఎవరో ఒకరు వత్తానే ఉన్నారండి" అన్నాడు.

ఎర్రవంతెన దగ్గరికి తోలుకెళ్ళి గంగరాజుకి చూపించింది. అతను బండి చుట్టూ తిరిగాడు. పైన రేకు విప్పి లోపలి తీగల్ని చూసి మళ్ళీ మూసేశాడు.

"దీని సంగతి నాకు తెలీదండి నర్సమ్మగారూ. కదిపితే నడిచేది కూడా ఆగిపోద్దేమో. మాకు పాత బండయితే కంపెనీవోళ్ళు బొమ్మలేసి పుస్తకాలిచ్చేరు, మెడ్రాసు తీస్కెళ్ళి చూపించేరు. దీనికి ఎవరున్నారండి? పోనీ వాడకం మానెయ్యండి."

"మానేస్తే ఉద్యోగం ఎలా చెయ్యను గంగరాజూ?"

అతను తల గోక్కున్నాడు. "అయితే ఒకటి చెయ్యండి. బండి దిగీ దిగగానే తాళం తీసెయ్యండి. దీపం లేదు, చప్పుడు లేదు. ఆనైందో ఆఫైందో మనిషికి తెలిసే దారే లేదు. మర్చిపోకండే."

సలోమి తాళానికి తాడు కట్టి మెడలో వేసుకుంది. దిగగానే తీసి రవికలో పడేసుకునేది. చాలా కాలం ఒక్కసారి కూడా మర్చిపోలేదు.

మరుసటి ఎండాకాలం పక్క ఊళ్ళో ఒక ఘోరం జరిగింది. రొయ్యల చెరువులో నీటిని చిలికే మోటారు తీగ తెగి నీళ్ళలో పడితే, చూసుకోకుండా దిగిన పాలేరు అక్కడికక్కడే పోయాడు. వాణ్ణి లాగబోయిన రైతు కూడా పోయాడు. సలోమి వెళ్ళేసరికి ఇద్దర్నీ గట్టు మీద పక్కపక్కన పడుకోబెట్టి ఉన్నారు. ఊరంతా దూరంగా నిలబడింది, శవాల్ని ముట్టుకోవడానికి కూడా భయపడి. ఆ తరవాత ఆ చుట్టుపక్కల జనానికి కరెంటూ నీళ్ళూ కలిపి తలుచుకుంటేనే ఒళ్ళు జలదరించేది.

2008 శ్రావణంలో కాలవలు గట్లు తన్నుకుని పారుతున్నాయి. వాళ్ళిల్లు కాలవకి ఎదురుగానే. గుమ్మం ముందు వాకిలి, వాకిలి దాటితే మట్టిగట్టు, గట్టు దిగితే నీళ్ళు. మధ్యాహ్నం పూట సలోమి సెల్లు మోగింది. కాలవ అవతలి పేటలో తొలిచూలు పిల్లకి నొప్పులు మొదలయ్యాయి, ఉమ్మనీరు పోయింది. పురుడు సంచీ ఇంట్లో ఉంది. ఆవిడ ఆగమేఘాల మీద వచ్చి, వాకిట్లో కాలవవైపు మొహం పెట్టి బండి ఆపి, స్టాండేసి లోపలికి పరిగెత్తింది. వరండాలో పడక్కుర్చీలో ఉన్న ప్రభుదాసు, "ఏవయిందే?" అన్నాడు.

"సంచీ కోసమండి, ఇప్పుడే వెళ్ళాలి" అంది పరుగు ఆపకుండా.

అప్పుడే వాన అందుకుంది. సన్నగా మొదలై ఒక్కసారి దభదభా కురిసింది. నీళ్ళు తగిలితే బ్యాటరీలు పాడైపోతాయని సలోమి అంటూ ఉండగా ప్రభుదాసు వంద సార్లు విన్నాడు. బండి పాడైతే బాగుచేసే నాథుడు లేడని కూడా విన్నాడు. ఆయన కుర్చీలోంచి లేచాడు. తువ్వాలు నెత్తిన వేసుకుని, మోకాలు పట్టుకుని మెట్లు దిగాడు. బండి కొన్నాక ఆయన దాని మీద చెయ్యి వెయ్యడం అదే మొదటిసారి.

సలోమి లోపల బీరువా పై అరలోంచి సంచీ లాగుతోంది. చెయ్యి అలవాటు ప్రకారం మెడ దగ్గరికి పోయింది. తాడు లేదు. ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యేలోపు బయట దబ్బున నీళ్ళ చప్పుడైంది. ఇంజను చప్పుడేదీ వినపడలేదు. వినపడదు కదా.

బయటికొచ్చేసరికి వాకిట్లో బండి లేదు. మట్టి మీద చక్రం చార గట్టు దాకా ఉంది, దాని పక్కనే ఆయన కాళ్ళు ఈడ్చుకుపోయిన చారలు. ఏం జరిగిందో చూసినవాడు ఒక్కడే, గట్టు మీద కొబ్బరిడొక్కలు ఏరుతున్న వెంకటస్వామి. మేస్టారు బండిని స్టాండు మీంచి ముందుకి తోశారట, కుడిచేత్తో ఎక్సలేటరు మెలితిప్పుతూ. వెనకచక్రం నేలకి తగలగానే బండి ఆయన్ని లాక్కుపోయిందట. బండి పడిపోతోందనుకుని ఆయన ఇంకా గట్టిగా పట్టుకున్నారట. గట్టిగా పట్టుకున్నకొద్దీ చెయ్యి ఇంకా మెలిపడుతుంది. పదిహేనేళ్ళు స్కూటరు తోలిన మనిషి పడిపోయే బండిని వదలడు. వదిలుంటే బతికేవాడు.

నీళ్ళలో ఆయన చెయ్యొకటి కనిపిస్తోంది. బ్యాటరీల బరువుతో బండి కాళ్ళ మీద కూచుండిపోయింది. చప్పుడు విని పదిమంది పరిగెత్తుకొచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే గట్టు మీద ఆగిపోయారు.

"దిగొద్దురోయ్! కరెంటు బండి! నీళ్ళన్నీ షాకు కొట్టేత్తాయి!"

ఈదగలిగిన మగాళ్ళు, వరదలో గేదెల్ని లాక్కొచ్చినవాళ్ళు, ఒడ్డున నిలబడి చేతులు నలుపుకుంటున్నారు. ఎవడో కర్ర తెమ్మంటున్నాడు, ఎండుకర్ర అయితేనే పనికొస్తుందని ఇంకెవడో అంటున్నాడు, ఈ వానలో ఎండుకర్ర ఎక్కడిదని మరొకడు. సలోమి గట్టు దిగబోతే వెంకటస్వామి రెక్క పట్టుకున్నాడు. "వద్దమ్మా, మీరూ పోతారు! చెరువు కాడ చూళ్ళేదేంటమ్మా!" అని ఏడుస్తూ అరిచాడు.

చూసింది. అందుకే ఆవిడ కూడా ఆగింది. పక్కపక్కన పడుకోబెట్టిన ఆ ఇద్దరూ కళ్ళ ముందుకొచ్చి కాళ్ళు కదల్లేదు. ఎంతసేపో ఆవిడకీ తెలీదు. నీళ్ళ పైనున్న చెయ్యి వేళ్ళు ఒకసారి విప్పుకుని ముడుచుకున్నాయి. సలోమి వెంకటస్వామి చెయ్యి కొరికి విడిపించుకుని కాలవలోకి దూకింది.

ఏమీ కాలేదు. నీళ్ళు చల్లగా ఉన్నాయి, అంతే. ఆ బండి బ్యాటరీలో మనిషిని చంపేంత కరెంటు లేదని ఆ తరవాత అందరికీ తెలిసింది. అమ్మినవాడు చెప్పలేదు, కొన్నవాళ్ళకి తెలీదు. సలోమి బతికే ఉండటం చూసి మగాళ్ళంతా ఒక్కసారి దూకారు. మేస్టార్ని గట్టెక్కించి పొట్ట నొక్కితే నీళ్ళూ బురదా కక్కాడు. ఊపిరి ఆడింది. తొలిచూలు పిల్లని ఎవరో ఆటోలో అమలాపురం తీసుకెళ్ళారు, సుఖంగా కని ఇంటికొచ్చింది. సలోమి వెళ్ళలేకపోయిన పురుళ్ళలో అదొకటి.

ఆస్పత్రిలో డాక్టరు ఊపిరితిత్తుల నిండా బురద నీళ్ళు చేరాయన్నాడు. జయమ్మ తమ్ముడి మంచం పక్కన కూచుని ఆ బండినీ, అమ్మినవాణ్ణీ, కొన్నదాన్నీ, అందర్నీ వరసపెట్టి తిట్టింది. సలోమి గోడకి ఆనుకుని నిలబడింది. తాళం బండికే వదిలేశానని చెప్పాలని ఆవిడ నాలుక చివర దాకా వచ్చింది. చెప్పాక ఈ మనిషి మొహం ఎలా చూడాలో తెలియక ఆగింది. ఆగడం ఇది రెండోసారి.

ప్రభుదాసు కళ్ళు తెరిచాడు. మాట మాటకీ ఊపిరి అందక ఆగుతూ చెప్పాడు.

"అక్కా... దాన్నేం అనకు. తాళం నేనే తిప్పేను."

"నువ్వు తిప్పడవేంటిరా?"

"ఓసారి తోలి చూద్దావని... నేనే తిప్పేను." తరవాత సలోమి వైపు తిరిగాడు. "తప్పు నాది. షరతు చెల్లదు. ఉద్యోగం... మానక్కర్లేదు."

అవే ఆయన ఆఖరి మాటలు. జ్వరం పట్టుకుని, తెలివి తప్పి, ఆదివారం చర్చి గంట కొట్టే వేళకి పోయాడు.

సమాధుల తోట నుంచి తిరిగొచ్చాక ఇంటి నిండా జనం. జయమ్మ వరండాలో కూచుని వచ్చిన ప్రతివాళ్ళకీ అదే చెప్తోంది. "సరదా పడి తాళం వాడే తిప్పుకున్నాడండి. బుద్ధి ఎటు పోయిందో ఆ వయసులో. నా మరదలు తప్పేం లేదండి, పాపం." వినేవాళ్ళు అయ్యో అంటూ తలలూపుతున్నారు. నర్సమ్మగార్ని ఓదారుస్తున్నారు. ఒక్కో ఓదార్పూ సలోమికి చెంపదెబ్బలా తగిలింది.

చివరికి తట్టుకోలేక వదిన చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది. తలుపు దగ్గరగా వేసింది.

"వదినా, ఆయన తిప్పలేదు. తాళం తీయకుండా నేనే వదిలేసేను. నేనే చంపేనొదినా."

జయమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేకపోలేదు.

"తెలుసు" అంది. "వాడు జన్మలో ఆ బండి మీద చెయ్యేసినోడు కాదు. తాళం ఏ కన్నంలో పెడతారో కూడా వాడికి తెలీదు. ఆస్పత్రిలో వాడు నోరిప్పినప్పుడే తెలుసు నాకు."

సలోమి కింద కూలబడింది. జయమ్మ కూడా పక్కన కూచుంది, మోకాళ్ళు నొప్పెడుతున్నా. మరదలి తల పట్టుకుని తన ఒళ్ళోకి లాక్కుంది. మృదువుగా కాదు, జుట్టు పట్టి లాగినట్టే లాక్కుంది.

"అరవయ్యేళ్ళు అబద్ధమాడలేదే వాడు. బడి పిల్లలతో కూడా ఆడలేదు. నీకోసం ఒక్కటి ఆడి పోయేడు. దాన్ని నువ్వు చెడగొట్టకు. వింటున్నావా? ఎవరితోనూ అనకు. ఎల్లుండి నుంచి డ్యూటీకి పో."

వరండాలోంచి ఎవరో పిలుస్తున్నారు, పాస్టరుగారు ప్రార్థన మొదలుపెడతారట, కుటుంబసభ్యులు రావాలట. జయమ్మ ముందు లేచి, కొంగుతో మొహం తుడుచుకుని, మరదలికి చెయ్యి అందించింది.